ఒకే ఎండ, మూడు పశువులు

మొన్న మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మా కొట్టంలోకి వెళ్తే, ఒకే కప్పు కింద మూడు పశువులు మూడు తీర్లుగా ఉన్నాయి. హెచ్ఎఫ్ సంకరజాతి ఆవు నాలుక బయటపెట్టి వగరుస్తోంది. గేదె తాడు తెంపుకుని చెరువుకు పోవాలని చూస్తోంది. ఒంగోలు ఎద్దు మాత్రం కళ్లు మూసుకుని నెమరేస్తోంది. ఎండ అందరికీ ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకో తెలియాలంటే వాటి పుట్టుక దాకా పోవాలి.

మూపురం ఉన్న పశువును మనిషి మచ్చిక చేసుకున్నది ఇవాళ్టి పాకిస్తాన్‌లోని మెహర్‌గఢ్ ప్రాంతంలో, సుమారు 8 వేల ఏళ్ల కిందట. అది వేడి నేలల జాతి. వదులు చర్మం, వేలాడే గంగడోలు, పెద్ద చెమట గ్రంథులు. ఒంగోలు జాతికి పొట్టి తెల్ల వెంట్రుక ఎండను తిప్పికొడితే, కింద నల్ల చర్మం కాపు కాస్తుంది.

హెచ్ఎఫ్‌ది చలి దేశం, నెదర్లాండ్స్ వైపు. దాన్ని తరతరాలుగా పాల కోసమే ఎంచి పెంచారు. పాలు ఎక్కువ కావాలంటే మేత ఎక్కువ అరగాలి, అరిగేకొద్దీ ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోయే దారి దానికి తక్కువ. 25 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలు. మనకు లాభమిచ్చే గుణమే దానికి ఎండలో ముప్పు.

గేదె మన దేశానిదే, అయినా దాని కష్టం వేరు. నల్ల చర్మం, పలచని వెంట్రుక, ఆవు కంటే తక్కువ చెమట గ్రంథులు. ఆ లోటును మడుగు తీర్చేది. చెరువు ఎండితే దానికి చెమట ఎండినట్టే. వేసవిలో మూగ ఎద వచ్చి, చూడి నిలవక మనం నష్టపోయేది కూడా చాలావరకు ఈ వేడి వల్లే.

19వ శతాబ్దంలోనే మన ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ చేరాయి. అక్కడ వాటి పేరు నెలోర్, మన నెల్లూరే. 1960ల్లో ఒంగోలు దగ్గరి కరవది పేరుతో ఒక ఆంబోతు అక్కడ ప్రసిద్ధికెక్కింది. ఇవాళ బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా ఉన్న పశువుల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే. ఎండకు, పిడుదులకు, నాసి గడ్డికి తట్టుకునే గుణం చూసే వాళ్లు పెంచుకున్నారు.

ఇక్కడేమో ట్రాక్టర్ వచ్చి ఎద్దు పని పోయింది. పాల డబ్బు కోసం సంకరజాతి వచ్చింది. అది తప్పని నేననను, పిల్లల ఫీజులు ఆ పాలతోనే కట్టాం. కానీ వేసవులు ముదురుతున్నాయి అన్నా. హెచ్ఎఫ్‌కు నీడ, నీళ్ల జల్లు, చల్లపూట మేత ఇవ్వాల్సిందే. గేదెకు మడుగు ఉండాల్సిందే. ఆ ఖర్చు లెక్కలో రాసుకున్నాకే ఏది లాభమో తేల్చుకుందాం.

మీ ఊళ్లో ఒంగోలు ఆంబోతు ఇంకా ఉందా? గేదెలు దిగే రేవు మిగిలిందా? కింద రాయండి.