కారు డిక్కీలో కంప్యూటర్: ఫోన్ రాకముందు ఏం చేసేవాళ్ళు?

ఇవాళ కారెక్కి ఫోన్‌కి కేబుల్ పెడితే చాలు, మ్యాప్, పాటలు అన్నీ స్క్రీన్ మీదకి వచ్చేస్తాయి కదా. 2000 ప్రాంతంలో అమెరికాలో, యూరప్‌లో కొంతమంది ఇదే పని కోసం ఏకంగా డెస్క్‌టాప్ కంప్యూటర్‌నే కారులో బిగించేవాళ్ళు. దానికి వాళ్ళు పెట్టుకున్న ముద్దు పేరు కార్‌ప్యూటర్.

మొదలైంది పాటల కోసమే. సీడీలో పట్టేది పదిహేను, ఇరవై పాటలు. హార్డ్ డిస్క్‌లో వేలు పడతాయి. ఇంగ్లండ్‌లో హ్యూగో ఫియన్నెస్ అనే ఇంజనీర్ సొంతంగా మొదలుపెట్టిన ప్రాజెక్టే 1999లో ఎంపెగ్ పేరుతో అమ్మకానికొచ్చింది. లోపల నడిచేది లినక్స్. స్టీరియో పెట్టే చోట సరిగ్గా పట్టేది, రాత్రికి బయటకు లాగి ఇంట్లోకి తీసుకెళ్ళొచ్చు. గతుకుల్లో డిస్క్ పాడవకుండా పాటని ముందే మెమరీలోకి లాగేసుకుని, డిస్క్‌ని ఆపేసేది. తెలివంటే అదీ! కానీ రేటు ఎక్కువ. అందుకే చాలామంది మనమే చేసుకుందాం అనుకున్నారు.

2001లో వయా కంపెనీ మినీ ఐటీఎక్స్ అనే బోర్డు సైజు తెచ్చింది. 17 సెంటీమీటర్ల చదరం, అంతే. కొన్ని మోడళ్ళకి ఫ్యాన్ కూడా అక్కర్లేదు. స్పీడ్ తక్కువే గానీ, పాటలకీ మ్యాప్‌కీ అది చాలు.

అసలు తలనొప్పి కరెంటు దగ్గర. చాలామంది ముందు ఇన్వర్టర్ పెట్టేవాళ్ళు. అంటే బ్యాటరీలోని 12 వోల్టుల్ని ఇంటి కరెంటుగా మార్చి, కంప్యూటర్ సప్లైలో మళ్ళీ 12, 5 వోల్టులుగా దించడం. రెండు మార్పిళ్ళలోనూ కొంత కరెంటు వేడిగా పోయేది. పైగా సెల్ఫ్ కొట్టగానే బ్యాటరీ వోల్టేజ్ ఒక్కసారి పడిపోతుంది, కంప్యూటర్ ఠక్కున ఆగిపోయి మళ్ళీ మొదటినుంచి స్టార్ట్ అవుతుంది. ఆఫ్ చేయడం మర్చిపోయారో, పొద్దున్నే ఆఫీసు టైముకి బ్యాటరీ డౌన్, కారు నెట్టాల్సిందే! పాటల కోసం పెట్టింది బండినే ఆపేసేది.

దీనికి మందు ఎం2-ఏటీఎక్స్ లాంటి చిన్న పవర్ సప్లైలు. 6 నుంచి 24 వోల్టుల వరకు ఏది ఇచ్చినా తట్టుకుంటాయి. తాళం తీయగానే కాసేపు ఆగి, విండోస్‌ని పద్ధతిగా మూసి, బ్యాటరీ మరీ దిగితే పూర్తిగా తెంచేస్తాయి. నన్నడిగితే ఈ కథలో హీరో ప్రాసెసర్ కాదు, ఇదే.

డిస్క్ విషయంలో ల్యాప్‌టాప్‌ది పెట్టుకున్నవాళ్ళు కాస్త నయం, అది కుదుపులకి ఎక్కువ ఓర్చుకుంటుంది. స్క్రీన్ ఏడు అంగుళాల టచ్, ఎండలో సరిగా కనపడేది కాదు. సాఫ్ట్‌వేర్‌కి వస్తే, విండోస్ ఎక్స్‌పీలో చిన్న చిన్న ఐకాన్లు. డ్రైవింగ్‌లో వాటిని వేలితో ఎలా నొక్కుతాం? రోడ్ రన్నర్, సెంట్రాఫ్యూజ్ లాంటి ప్రోగ్రాములు దాని మీద పెద్ద పెద్ద బటన్లు పరిచాయి. వాటి రూపం మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. మ్యాప్ ముందే డిస్క్‌లో ఉండేది, యూఎస్‌బీ జీపీఎస్ దారి చెప్పేది. 2005లో మాక్ మినీ వచ్చాక కొందరు దాన్ని డాష్‌బోర్డ్‌లో దూర్చారు, ఎత్తు 5 సెంటీమీటర్లే మరి.

తర్వాత ఫోన్లు వచ్చాయి. 2014లో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో రెండూ ప్రకటించారు. దాంతో డిక్కీలో డబ్బా అవసరం చాలామందికి పోయింది. రాస్‌ప్‌బెర్రీ పైతో ఇప్పటికీ చేసేవాళ్ళు ఉన్నారు, కానీ సరదాకే ఎక్కువ.

అయితే స్క్రీన్ మీద ఏం కనపడాలో అప్పుడు కారు ఓనరే తేల్చేవాడు. 2023లో జనరల్ మోటార్స్ తన కొత్త ఎలక్ట్రిక్ కార్లలో కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో రెండూ ఉండవని చెప్పింది. అలాంటి కారు కొన్నవాళ్ళకి ఫోన్ స్క్రీన్‌ని డాష్‌బోర్డ్ మీదకి తెచ్చుకునే దారి లేదు, కంపెనీ ఇచ్చిందే వాడాలి. మీ కారులో అలా చేస్తే ఒప్పుకుంటారా? కామెంట్లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.