భోగి మంటలో పడబోయిన అచ్చు

ఆగరా బాబూ, ఆగు! అది మంటలో వెయ్యకు. ఇటివ్వు. పాత కొయ్యలన్నీ తెమ్మన్నాం, తెచ్చావు, తప్పు నీది కాదులే. అటక మీద చీకట్లో పడుంటే విరిగిన పీట ముక్కనుకున్నావు. ఇదిగో, ఇలా మంటకెదురుగా పెట్టి చూడు. మామిడి పిందె కనపడుతోందా? ఆ రెండు బెజ్జాలూ పురుగు తొలిచినవి కావు, మనిషి పెట్టినవే. గుడ్డ మీద అచ్చు ఒత్తితే మధ్యలో ఇరుక్కున్న గాలి పోవాలి కదా, అందుకు. పెడన అద్దకం అచ్చు ఇది, మా పెదనాన్న చేతిపని. కూర్చోండి, చెప్తా. ఆ పిడకల దండ కూడా వేసెయ్యండి, తెల్లారడానికింకా చాలా టైముంది.

మా చిన్నప్పుడు పెడనలో ఏ వీధిలోకెళ్లినా కరక్కాయ వాసనే. గుడ్డని ముందు కరక్కాయా పాలూ కలిపిన నీళ్లలో ముంచి ఆరేసేవాళ్లు. నల్లరంగు సీసాల్లో వచ్చేది కాదు. తుప్పుపట్టిన ఇనప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి, కుండలో రోజుల తరబడి మురగబెడితే తయారయ్యేది. ఎరుపు తేలడానికి పటిక. గీతలకొక అచ్చు, లోపల రంగు నింపడానికింకో అచ్చు, రంగు మారితే మళ్లీ వేరే అచ్చు. అవన్నీ ఒకదాని మీదొకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. అద్దేవాళ్లు ఒక్కో అచ్చు పెట్టి అరచేత్తో ఠపీమని కొడుతుంటే వీధంతా తాళం వేసినట్టుండేది.

పెదనాన్న అచ్చులు చెక్కేవాడు. నాకు బొమ్మలు గీసే పిచ్చి. పన్నెండేళ్లొచ్చేసరికి కాగితం మీద నేను గీసిస్తే, ఆయన దాన్ని టేకు చెక్కకి అంటించి ఉలి పెట్టేవాడు. ఒకసారి ఈ పిందె గీశా. తోక చివర సన్నగా, మెలిక తిరిగి, గాల్లో తేలుతున్నట్టు. ఊళ్లో అంతటి గీత ఎవడూ గియ్యలేడనుకున్నా. పెదనాన్న చూసి, "గీత బాగుందిరా. నిలబడదు" అన్నాడు. ఎందుకు నిలబడదన్నా. "కాగితం మీద గీతంటే సిరా. ఇక్కడ గీతంటే గోడ. అటూ ఇటూ చెక్కంతా తీసేస్తే ఇదొక్కటే మిగలాలి. ఇంత పల్చటి గోడ నాలుగు గుడ్డలకే విరుగుద్ది."

నాలుగు రోజుల తర్వాత అచ్చు చూపించాడు. తోక మెలికకీ పిందె ఒంటికీ మధ్య ఒక చిన్న ఆకు ఉంది. నేను గియ్యని ఆకు! నా బొమ్మ పాడుచేశాడని మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. చేతకాక అడ్డమేశాడనుకున్నా. ఆ ఆకు సంగతి గుర్తుపెట్టుకోండి.

తర్వాతంతా బెజవాడే. ఒక ప్రెస్సులో ముప్పయ్యేళ్లు డిజైన్లు గీశా. దివిసీమ ఉప్పెన వచ్చిన 1977లోనూ అక్కడే ఉన్నా. క్యాలెండర్లు, సోడా లేబుళ్లు, అగరొత్తుల పెట్టెలు, పెళ్లి శుభలేఖలు, అన్నీ గీశా. అక్షరాలు మాత్రం నా సొంత ఆస్తి. బ్రష్షుతో తెలుగక్షరం రాస్తే పక్క టేబుళ్లవాళ్లు పని ఆపి చూసేవాళ్లు. గొప్పకి చెప్పడం లేదు, గొప్పగానే ఉండేది మరి. ఆ తర్వాత కంప్యూటరొచ్చింది. నేను పూట పట్టి రాసేది కుర్రాడు రెండు నిమిషాల్లో టైపు కొట్టేశాడు. ఆ అక్షరాలు బాగుండేవి కావు, కానీ రెండు నిమిషాలే కదా. యజమాని మర్యాదగానే చెప్పాడు, నేనూ మర్యాదగానే బయటికొచ్చా. అందులో చెప్పుకోడానికేం లేదు.

అసలు ముచ్చట ఒహాయోలో మొదలైంది. మీ అత్తకి పురుడొస్తుందని నేనూ నానమ్మా ఆర్నెల్లుండడానికి వెళ్లాం. నానమ్మకి చేతినిండా పని. నాకు కిటికీలోంచి మంచు చూడ్డం తప్ప పనేముంది? పక్కింటి పెద్దాయన గ్యారేజీలోంచి రోజూ బుర్ర్‌మని చప్పుడొస్తుంటే ఒకరోజు వెళ్లి తలుపు దగ్గర నుంచున్నా. కార్ల కంపెనీలో డ్రాయింగులు గీసి గీసి రిటైరైన మనిషి. ఆయన తెలుగు ఎంతో నా ఇంగ్లీషూ అంతే. ఐతే ఇద్దరికీ పెన్సిలొచ్చు కదా, సరిపోయింది.

ఆయన ముందున్న మిషను పేరు స్క్రోల్ సా. కుట్టుమిషన్ చూశారుగా, సూది పైకీ కిందికీ ఆడుతుంది. ఇందులో సూది బదులు అయిదంగుళాల రంపపు తీగ ఉంటుంది, నిమిషానికి వెయ్యిసార్లకి పైగా ఆడుతుంది. రంపం కదలదు, చెక్కనే తిప్పాలి, కుట్టేటప్పుడు గుడ్డని తిప్పినట్టు. చెక్క మధ్యలో కొయ్యాలంటే ముందు బరమాతో బెజ్జం పెట్టి, బ్లేడు ఒక చివర ఊడదీసి, బెజ్జంలోంచి దూర్చి మళ్లీ బిగించాలి. చాలినంత బిగిసిందా లేదా చూడ్డానికి ఆయన బ్లేడుని వేలితో మీటాడు. తంబురా తీగలా ఖంగుమంది. నాకక్కడే మనసు పడిపోయింది.

మొదటిరోజు గీత మీద కోద్దామంటే బ్లేడు కుడివైపుకే పోతోంది. నా చెయ్యి వణికిందనుకుని సిగ్గుపడ్డా. పెద్దాయన నవ్వి, చెక్కని కాస్త ఏటవాలుగా పట్టించాడు. ఆ బ్లేడ్లని రేకులోంచి నొక్కి తీస్తారట, ఒక అంచు గరుకుగా మిగులుతుంది, అటువైపే లాగుతుంది. తోస్తే ఒంగుతుంది, కోపంగా తోస్తే తెగుతుంది. చెక్క మాడకుండా కాగితం మీద పార్శిల్ టేపు అంటిస్తే చాలని కూడా ఆయనే చెప్పాడు. అన్నిటికన్నా నన్ను తికమకపెట్టింది ఒకటే ప్రశ్న: గీత మీద కొయ్యాలా, లోపలా, బయటా? అరవయ్యేళ్లొచ్చిన డిజైనర్ని, గీతకి రెండు పక్కలుంటాయని అప్పటిదాకా తెలియదు!

చిన్నమ్మాయ్, నువ్వు రాత్రి ఆడుకున్న జిగ్‌సా పజిలుందే, దాని పుట్టుకా ఇలాంటి రంపం కిందే. 1760ల్లో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన ఉండేవాడు. దేశపటాలు చెక్కడం ఆయన వృత్తి. ఒక పటాన్ని పలకకి అంటించి సరిహద్దుల వెంబడి కోసేశాడు, పిల్లలు మళ్లీ పేర్చి భూగోళం నేర్చుకుంటారని. ఆయనా గీతలవాడే, రంపం దగ్గరికొచ్చి తేలాడు.

అక్కడి మిషను ఇక్కడికి తెద్దామంటే కుదర్లేదు. వాళ్ల కరెంటు 120 వోల్టులు, మనది 230. బ్లేడ్ల పాకెట్లు మాత్రం పెట్లో పెట్టుకొచ్చి, మిషను ఇక్కడే కొన్నా. మొదట కొన్నది చివర్లో పిన్నులున్న బ్లేడ్లు పట్టేది. పిన్ను దూరాలంటే పెద్ద బెజ్జం కావాలి. మన అక్షరం పొట్టలో అంత చోటెక్కడుంది? దాన్నిచ్చేసి, పిన్ను లేని బ్లేడు పట్టే మిషను తెచ్చుకున్నా.

మొట్టమొదట చేసింది గుమ్మానికి బోర్డు. అర అంగుళం టేకు పలక మీద 'పద్మ నిలయం' అని నానమ్మ పేరే రాశా. బెజవాడలో ముప్పయ్యేళ్లు రాసిన చెయ్యి కదా, కాగితం మీద అదిరిపోయింది. అక్షరాలన్నీ ఒకదానికొకటి తగిలేలా, ఒకే ముక్కగా వచ్చేలా కొయ్యడం మొదలెట్టా. ముందు ప తలకట్టు ఊడి కిందపడింది. అది ఒంటికి తగలకుండా పైన తేలుతుంటుంది కదా! తర్వాత ద కింది మ వత్తు. ఆఖర్న సున్నా, దానికి ఏ ఆధారమూ లేదు, కోసిన మరుక్షణం దొర్లుకుంటూ బల్ల కిందికి పోయింది. పొట్టులో అరగంట వెతికా. ఇంగ్లీషువాడికి చుక్క ఉన్న అక్షరాలు రెండే. మనకి సగం రాత గాల్లోనే ఉంటుంది. కాగితం మోస్తోంది కాబట్టి మనకి తెలియదు.

రెండోసారి జాగ్రత్తపడ్డా. తలకట్టుని కిందికి దింపి ప ఒంటికి తగిలించా. వత్తుకి తోక పెంచా. సున్నాని య భుజానికి ఆనించా. ఒక్కటీ ఊడలేదు. గరుకు కాగితం పట్టి, నూనె రుద్ది, గుమ్మానికి కొట్టా. నానమ్మ వచ్చి చూసి, "బాగానే ఉందిగానీ, ఈ వద్మ ఎవరండీ?" అంది. తలకట్టు అంటుకోగానే ప కాస్తా వ అయి కూర్చుంది! ఊళ్లోవాళ్లు నెల్లాళ్లు ఏడిపించారు.

మూడోది కుదరడానికి వారం పట్టింది. ప తలకట్టుని కిందికి కాకుండా పక్కకి సాగదీసి, దాని కొసని ద తలకట్టుకి కలిపా. అలా చెయ్యి పట్టుకున్నట్టుంది, చదవడానికీ అడ్డం రాలేదు. ఇప్పుడు గుమ్మం మీదున్నది అదే. అప్పట్నుంచి గియ్యడం వేరు, కోతకి నమూనా తియ్యడం వేరని తెలిసింది. గీసేవాడు ఏది కనపడాలో చూసుకుంటే చాలు. నమూనా తీసేవాడు ఏది దేన్ని పట్టుకుని ఉండాలో కూడా చూసుకోవాలి. చెయ్యి తిరిగిన బొమ్మలవాళ్లు చాలామందిని చూశా, ఈ లెక్క వచ్చినవాళ్లు తక్కువ. కంప్యూటరుకీ రాదు, ఎవడో ఒకడు చెప్తే తప్ప.

ఇక ఈ అచ్చు. పోయినేడు దీని మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది, పిందె నకలు తీశా. పాత కోపం ఉందిగా, ఆ ఆకుని చెరిపేసి నా చిన్ననాటి తోకని నాకిష్టమైనట్టే గీసి, మిషను మీద పెట్టా. కోత బ్రహ్మాండంగా వచ్చింది. పొట్టు దులపడానికి ఉఫ్‌మని ఊదా. తోక విరిగిపోయింది. ఎక్కడ విరిగిందో తెలుసా? సరిగ్గా పెదనాన్న ఆకు పెట్టినచోట.

ఆయన పోయి నలభై ఏళ్లయింది. ఇది మళ్లీ అటకెక్కదు, నా బల్ల మీదుంటుంది. ఒరేయ్, నువ్వు వెళ్లి అటక మీద ఆ మూల చూడు, 'వద్మ నిలయం' పలక ఉంటుంది. తెచ్చి అది వెయ్యి మంటలో. టేకు కదా, బాగా కాలుద్ది.