మైదానము మూసిన యాభై యేండ్లు

ఆడుపిల్ల బంతిని కాలితో తన్నుట చూచి మొదట నవ్విన లోకము, ఆ ఆట చూచుటకు వేలకొలది జనులు టిక్కెట్టు కొని వచ్చుట కనుగొన్న పిదప నవ్వు మాని కలవరపడెను. ఆంగ్లదేశమున స్త్రీల ఫుట్‌బాలు చరిత్రము ఈ రెంటి నడుమ నడచినదని నా యభిప్రాయము.

1895 మార్చి 23వ తేదీన లండను నగరోత్తర భాగమున క్రౌచ్ ఎండ్ అనుచోట బ్రిటిష్ లేడీస్ ఫుట్‌బాల్ క్లబ్బు తన తొలి పోటీని జరుపగా, ఉత్తరపు జట్టు దక్షిణపు జట్టుపై 7–1 తో గెలిచినది. పత్రికలు ఆటకంటె ఆటగత్తెల దుస్తులనే ఎక్కువగ వర్ణించినవి. క్లబ్బును స్థాపించిన నెట్టీ హనీబాల్‌ది మారుపేరనియే చరిత్రకారులు తలంతురు. మిసెస్ గ్రాహం అను పేరుతో ఆడిన యామెదియు అట్టిదే. ఆడవలెనన్న కుతూహలమున్నను, ఇంటిపేరు వీధి కెక్కరాదు గదా!

పిదప మొదటి ప్రపంచయుద్ధమునకు పురుషులు పోవగా స్త్రీలు కర్మాగారములలో ప్రవేశించిరి. ప్రెస్టన్ పట్టణమున డిక్, కెర్ కంపెనీలో మందుగుండు సామగ్రి చేయు యువతులు విరామవేళ ఆవరణలో బంతి తన్నుచు జట్టు కట్టి, 1917 క్రిస్మస్ నాడు గాయపడిన సైనికుల యాసుపత్రి కొరకు ఆడగా పదివేలమంది చూడవచ్చిరి. ఆ జట్టున తరువాత చేరిన లిలీ పార్, సెంట్ హెలెన్స్‌లో అన్నదమ్ములతో ఆడి ఆట నేర్చినది. వానకు తడిసి బరువెక్కిన తోలుబంతిని సైతము ఎడమకాలితో ఆమె కొట్టిన కొట్టునకు గోలు కాచువారు జంకెడివారు. సిగరెట్టు కాల్చుట యామెకు మిక్కిలి ప్రీతి.

1920 డిసెంబరు 26న లివర్పూలులోని గుడిసన్ పార్కున డిక్, కెర్ జట్టు ఆట చూచుటకు 53,000 మంది క్రిక్కిరియగా, చోటు చాలక ఇంకను వేలమంది వెలుపలనే నిలిచిపోయిరి. ఏడాది తిరుగకముందే, 1921 డిసెంబరు 5న, ఫుట్‌బాల్ అసోసియేషన్ వారు ఈ యాట స్త్రీలకు తగదనియు, ధర్మార్థము వసూలైన సొమ్ములో ఖర్చులకే అధికభాగము పోవుచున్నదనియు చెప్పి, తమ క్లబ్బుల మైదానములను వారి కీయవలదని తీర్మానించిరి. ఫిరంగి గుండ్లు తయారుచేయుటకు పనికివచ్చిన శరీరము బంతి తన్నుటకు పనికిరాకపోవుట వింత! రెండవ యారోపణము నిజమే యనుకొన్నను, లెక్క యడుగవచ్చును గాని మైదానము మూయ నేల?

అయినను ఆట ఆగలేదు. డిక్, కెర్ జట్టు 1922లో అమెరికాకు పోయి అచట పురుషుల జట్లతో తలపడెను. స్వదేశమున పార్కులలోను, ఇతర క్రీడల మైదానములలోను ఆడుచు వచ్చినది. లిలీ పార్ మానసిక వైద్యశాలలో నర్సుగా పనిచేయుచు 1951 వరకు ఆడుచునే యుండెను. బ్రెజిల్ 1941లోను, పశ్చిమ జర్మనీ 1955లోను ఇట్టి నిషేధములే విధించినవి.

ఆంగ్లదేశపు నిషేధము 1971లో తొలగినది. అసోసియేషన్ వారు 2008లో క్షమాపణ చెప్పిరి. లిలీ పార్ 1978లోనే గతించినది.