మేజువాణి: ఆతిథ్యం నుంచి ఆక్షేపణ దాకా

పారసీలో ‘మేజ్‌బాన్’ అంటే అతిథిని ఆదరించే గృహస్థు, ‘మేజ్‌బానీ’ అంటే అతడు చేసే ఆతిథ్యం. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, నేటికీ దెగ్లూరు, బిలోలి, ధర్మాబాద్ వైపు తెలుగు వినిపించే నాందేడ్ జిల్లాలో మరాఠీవారికి ‘మేజ్‌వానీ’ అంటే విందు భోజనం. తెలుగులో మాత్రం ‘మేజువాణి’ పెళ్లిళ్లలో అతిథుల వినోదానికి భోగంవారు చేసే ఆటపాటలకు పేరైంది.

కుటుంబ గౌరవాన్ని స్త్రీ శీలంతో కొలిచే విక్టోరియా రాణి కాలపు (1837–1901) ఆంగ్ల నీతి, మిషనరీల ద్వారా, ఇంగ్లీషు చదువుల ద్వారా మద్రాసు రాజధానికి చేరి, 1890లలో ‘యాంటీ నాచ్’ ఉద్యమానికి, అంటే ఇటువంటి కచేరీలను బహిష్కరించాలనే ప్రచారానికి, బలమిచ్చింది; తెలుగునాట కందుకూరి వీరేశలింగం దానికి అండగా నిలిచారు. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తరించిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకం ఆ నీతిని పరీక్షకు పెట్టింది: సంస్కరణ గురించి ఉపన్యసించే గిరీశం మోసగాడు కాగా, హత్యానేరంలో అన్యాయంగా చిక్కిన లుబ్ధావధాన్లును కాపాడేందుకు పూనుకున్నది వేశ్య మధురవాణి.

మేజువాణి పెట్టించినవారు పెద్దమనుషులుగానే మిగలగా, ఆడి పాడినవారి మీదే నింద పడింది. ఒకనాటి ఆతిథ్యపు మాట నిందార్థాన్ని మోయడానికి ఈ అసమానతే కారణమని గుర్తించడం ఆ కళాకారిణుల పట్ల కనీస న్యాయం.