పాంచాలంకురిచి, ఎట్టయాపురము పాలెగాండ్రు

కోవిల్‌పట్టి ప్రాంతపు నల్లరేగడి సీమలో ఎట్టయాపురము, పాంచాలంకురిచి ఇరుగుపొరుగు పాలెములు. రెంటిని ఏలినవారును తెలుగు మాటాడు రాజకంబళ నాయకులే. అయినను 1799లో ఒక పాలెగాడు ఉరికి బలికాగా, వేరొకడు వానిని పట్టించుటకు పాటుపడెను. ఈ భేదమును విచారించుట తెలుగువారికి ఆవశ్యకము.

1792 నాటి సంధివలన పాలెములనుండి కప్పము వసూలుచేయు అధికారము నవాబునుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించెను. 1798 మే నెలాఖరునకు పాంచాలంకురిచి బాకీ 3,310 వరాహలు. కలెక్టరు జాక్సన్ రామనాథపురమునకు రమ్మని ఉత్తరువు చేయగా, వీరపాండ్య కట్టబొమ్మన వెంటనే కత్తి దూయలేదు. దొర మజిలీలవెంట తిరిగి దర్శనము కోరెను, అది లభింపలేదు. తుదకు రామనాథపురమున లెక్కలు చూడగా, నిలిచిన బాకీ 1,080 వరాహలు మాత్రమే. అయినను కలెక్టరు అతనిని నిలువబెట్టి విచారించి, నిర్బంధింపజూచెను. పెనుగులాటలో లెఫ్టినెంటు క్లార్కు మరణించెను. కట్టబొమ్మన తప్పించుకొని మదరాసు ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. విచారణ సంఘము అతనియందు దోషము లేదని తేల్చెను; జాక్సన్ పదవి కోల్పోయెను.

కలెక్టరు మారెనుగాని కంపెనీ తీరు మారలేదు. శివగంగ మరుదు సోదరులతోడి కట్టబొమ్మన మైత్రి దానికి కంటగింపయ్యెను. 1799 సెప్టెంబరు 5న మేజర్ బానర్మన్ కోటను ముట్టడించెను. కోట విడిచిన కట్టబొమ్మన పుదుక్కోట సీమలో పట్టుబడి, అక్టోబరు 16న కయత్తారులో తక్కిన పాలెగాండ్రయెదుట ఉరితీయబడెను.

అతని ధైర్యమునకు సాక్షి శత్రువే. ఆ దినము కట్టబొమ్మన జంకులేక నిలిచెననియు, తన్ను వెదకిన ఎట్టయాపురము పాలెగానిని తిరస్కారముతో చూచెననియు, మూగ తమ్మునిగూర్చి మాత్రమే చింతించెననియు బానర్మన్ తన లేఖలో వ్రాసెను. ఊమైదురై అను ఆ తమ్ముడే 1801 ఫిబ్రవరిలో పాళయంకోట చెరనుండి వెడలి, కూలిన కోటను మరల కట్టించి, మే 24 వరకు నిలిపెను. అదే సంవత్సరము నవంబరులో అతడును మరణశిక్షకు గురియయ్యెను.

ఎట్టయాపురము వారికి కంపెనీ బలము తెలియును. పొరుగువారితో సరిహద్దు తగవులును ఉండెను. భయమును లాభమును ఒకే దారి చూపినప్పుడు అన్యాయము ఎదుటివానిదిగానే తోచును. కట్టబొమ్మనకు భయహేతువులు తక్కువ కాదు. విన్నపము, లెక్క, రాజీ అన్నియు తీరినపిదప తలవంచుటకు నిరాకరించుటయే అతని ధైర్యము.

నేడును తమిళమున ‘ఎట్టప్పన్’ అనగా ద్రోహి. ఒకని నడతకు వంశమునెల్ల నిందించుట న్యాయము కాదు. ముత్తుస్వామి దీక్షితులకు తుదిదినములలో నీడనిచ్చినది ఆ సంస్థానమే. 1882లో సుబ్రహ్మణ్య భారతి జన్మించినదియు ఆ ఊరనే. ధైర్యము ఊరినిబట్టిగాని, కులమునుబట్టిగాని, భాషనుబట్టిగాని రాదు. ప్రతివాడును తనవంతు వచ్చినప్పుడు దానిని తానే వెదకికొనవలయును.