నీళ్లడిగిన 480 మంది

1996 లోక్‌సభ ఎన్నికలు. నల్లగొండలో ఒక్క సీటుకు 480 మంది పోటీ! బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమై కూర్చుంది. పోలింగే వాయిదా పడింది. బరిలోకి దిగినవాళ్లలో చాలామంది మామూలు రైతులు, ఫ్లోరైడ్ బారిన పడ్డవాళ్లు. గెలుపు మీద వాళ్లకు ఆశ లేదు. తమ పల్లెలకు కృష్ణా నీళ్లు కావాలన్న మాట ఢిల్లీకి వినపడాలి, అంతే. వాళ్లను కూడగట్టింది జలసాధన సమితి. దాని వెనకున్నది బ్యాంకు ఉద్యోగం వదిలేసి వచ్చిన దుశర్ల సత్యనారాయణ.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పల్లెలు చూస్తే వాళ్ల కడుపుమంట తెలుస్తుంది. పిల్లవాడు నవ్వితే పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు. ఎంత తోమినా పోవు, పన్ను పుట్టేటప్పుడే పడ్డ మచ్చలవి. పెరిగేకొద్దీ దొడ్డికాళ్లు. నడివయసు వచ్చేసరికి మెడ తిరగదు, నడుం నిలవదు. ఎవరూ విషం పెట్టలేదు. రాతి పొరల్లోంచి బోరు నీళ్లలో కలిసిన ఫ్లోరైడ్‌ను ఏళ్ల తరబడి చెంబులతో తాగారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడనిది, అక్కడ చాలా బోర్లలో రెండింతలు, మూడింతలు ఉండేది.

   ఇలా వంగిపోయిన ఎముకను నిలబెట్టే మందు లేదు.

వాయిదా పడ్డ ఆ ఎన్నిక తర్వాత జరిగింది. సీపీఐ నేత బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఇంతమంది మళ్లీ బరిలోకి దిగకుండా అదే ఏడాది చట్టం మార్చి, లోక్‌సభ అభ్యర్థి కట్టాల్సిన డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్లకంటే ముందు ఆ నిబంధన వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు రగులుతుంది.

వాజ్‌పేయి ప్రధానిగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ బారిన పడ్డ శివన్నగూడెం కుర్రాడు అంశల స్వామిని దుశర్ల ఢిల్లీ తీసుకెళ్లి, ఏకంగా ప్రధాని టేబుల్ మీదే పడుకోబెట్టారు. ఎదగని ఆ ఒళ్లే వినతిపత్రం. ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ మిషన్ భగీరథ తాగునీటి పథకం నల్లాలు రాలేదు. ఆ నీళ్లు తాగే పిల్లలు తప్పించుకుంటారు. పెద్దల ఒళ్లు వంగింది వంగినట్టే ఉంది. స్వామి 2023 జనవరిలో కన్నుమూశాడు.

మన వరంగల్ పల్లెల్లోనూ ఫ్లోరైడ్ బోర్లున్నాయి. పొలం కాడ బోరు నీళ్లు తాగే అన్నలారా, అక్కలారా! కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. ఒక సీసా నిండా ఆ నీళ్లు పట్టి గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో పరీక్ష చేయించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ వారమే చేయించండి.