స్వలింగ వివాహం, పౌర భాగస్వామ్యం: కృష్ణా డెల్టా నేపథ్యంలో ప్రజాభిప్రాయ పరిశీలన

స్వలింగ వివాహాల చట్టబద్ధతపై 2023 ఏప్రిల్ 18 నుంచి మే 11 వరకు సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విచారణ జరిపినప్పుడు, కేంద్రం కోరిన మీదట ఏడు రాష్ట్రాలు తమ అభిప్రాయాన్ని పంపాయి. వాటిలో రాజస్థాన్, అస్సాంలతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా వ్యతిరేకత తెలిపింది. వివిధ మతాల పెద్దలను సంప్రదించి, వారి మాటలను పరిశీలించి ఈ నిర్ణయానికి వచ్చినట్లు రాష్ట్ర ప్రభుత్వం పేర్కొంది. మతపెద్దల మాట వినదగినదే. కానీ దానినే రాష్ట్ర ప్రజల అభిప్రాయంగా న్యాయస్థానం ముందు ఉంచడం సమంజసం కాదనడానికి కృష్ణా డెల్టా చరిత్రే బలమైన ఆధారం.

గుడ్లవల్లేరు మండలంలోని అంగలూరులో 1887లో జన్మించిన త్రిపురనేని రామస్వామి చౌదరి, పెళ్లితంతుకు బ్రాహ్మణ పురోహితుడే అక్కరలేదని, ఎవరి సంఘంలోని వారే ఆ పని చేసుకోవచ్చని చెప్పే స్వసంఘ పౌరోహిత్యాన్ని ప్రచారం చేసి, వధూవరులకు అర్థమయ్యే తెలుగులో ‘వివాహ విధి’ని రచించి, స్వయంగా అనేక వివాహాలు జరిపించారు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన గోరా మరింత ముందుకు వెళ్లి, 1948లో తన కుమార్తెకు దళిత యువకుడితో సేవాగ్రామ్‌లో వివాహం జరిపించారు. ఈ ఇద్దరూ స్వలింగ జంటల గురించి ఆలోచించారని చెప్పడం చరిత్రకు అన్యాయమవుతుంది. అయితే వివాహానికి మతాధికారి ఆమోదం తప్పనిసరి కాదన్న వాదనను ఈ ప్రాంతం ఎప్పుడో విన్నది, కొంతమేరకు ఆచరించింది కూడా. స్వసంఘ పౌరోహిత్యం పురోహితుడి అధికారాన్ని ప్రశ్నించినంతగా కులం కట్టుబాటును ప్రశ్నించలేదన్న సంగతిని ఇక్కడ ప్రత్యేకంగా గమనించాలి. పొలం, వారసత్వం, బంధుత్వం ఒకదానితో ఒకటి పెనవేసుకున్న డెల్టా గ్రామాల్లో వివాహాన్ని నిర్ణయించే అసలు అధికారం కుటుంబం చేతిలోనే నిలిచిపోయింది.

కాబట్టి ప్రజాభిప్రాయాన్ని వెతకవలసిన చోటు ఇల్లు. ప్యూ పరిశోధనా కేంద్రం సర్వేల ప్రకారం, స్వలింగ ఆకర్షణను సమాజం అంగీకరించాలన్నవారు భారతదేశంలో 2014లో 15 శాతం ఉండగా 2019 నాటికి 37 శాతానికి పెరిగారు. ఈ రెంటి మధ్యనే, 2018 సెప్టెంబరు 6న, వయోజనుల పరస్పర అంగీకార సంబంధాలను శిక్షాస్మృతి 377వ సెక్షన్ పరిధి నుంచి సుప్రీంకోర్టు తప్పించింది. 2023లో స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఉండాలన్నవారు 53 శాతం, వద్దన్నవారు 43 శాతం. మొదటి ప్రశ్న సామాజిక అంగీకారానికి, రెండవది చట్టపరమైన హక్కుకు సంబంధించినవి గనుక ఈ అంకెలను ఒకే వరుసలో పేర్చకూడదు. జాతీయ సగటును గుడివాడకో దివిసీమకో యథాతథంగా అన్వయించనూ కూడదు. పైగా, ఇతరులకు ఆ హక్కు ఉండవచ్చని సర్వేలో ఒప్పుకున్న వ్యక్తి, తన బిడ్డ విషయంలోనూ అదే మాట అంటాడన్న హామీ లేదు.

ఈ తేడా 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో స్పష్టంగా కనిపిస్తుంది. విజయవాడలో కలిసి జీవిస్తున్న ఇద్దరు యువతులలో ఒకరిని తండ్రి నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించగా, రెండవవారు హెబియస్ కార్పస్ పిటిషన్ (నిర్బంధంలో ఉన్న వ్యక్తిని న్యాయస్థానం ముందు హాజరుపరచాలని కోరే అభ్యర్థన) దాఖలు చేశారు. వయోజనులైన వారిద్దరూ ఇష్టానుసారం కలిసి ఉండవచ్చని, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని న్యాయస్థానం ఆదేశించింది. ఆ యువతిని ఆపినది మతపెద్ద కాదు, కన్నతండ్రి.

పౌర భాగస్వామ్యం, అంటే వివాహం అన్న పేరూ తంతూ లేకుండా జంటకు చట్టం ఇచ్చే గుర్తింపు, ఈ సందర్భంలోనే పరిశీలించదగినది. హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ప్రధాన పిటిషనర్లుగా ఉన్న, మొదట ప్రస్తావించిన సుప్రీంకోర్టు కేసులో 2023 అక్టోబరు 17న తీర్పు వెలువడింది. వివాహం ప్రాథమిక హక్కు కాదన్న విషయంలో ఐదుగురు న్యాయమూర్తులూ ఏకీభవించారు. పౌర భాగస్వామ్య హక్కును మాత్రం ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ సమర్థించగా, జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లి, జస్టిస్ పి.ఎస్. నరసింహ నిరాకరించారు. 2025 జనవరిలో పునఃసమీక్ష పిటిషన్లనూ న్యాయస్థానం తోసిపుచ్చింది. అదే ఏడాది మే నెలలో మద్రాసు హైకోర్టు, కుటుంబ నిర్మాణానికి వివాహం ఒక్కటే మార్గం కాదని ప్రకటించడం తెలుగువారికి పొరుగునే జరిగిన ముఖ్య పరిణామం.

సుప్రీంకోర్టు తీర్పు తరువాత కేంద్రం, స్వలింగ జంటను రేషన్ కార్డు విషయంలో ఒకే కుటుంబంగా పరిగణించాలని, వారు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి అడ్డంకి లేదని 2024లో స్పష్టం చేసింది. ఇవి చిన్నవి కావు. అయినా హైకోర్టు రక్షణతో కలిసి జీవిస్తున్న జంటలో ఒకరు వీలునామా రాయకుండా మరణిస్తే, ఆస్తి విషయంలో రెండవవారు హిందూ వారసత్వ చట్టం దృష్టిలో పరాయివారే. ఆ ఆస్తి తిరిగి వెళ్లేది చాలా సందర్భాల్లో వారిని విడదీయబోయిన కుటుంబానికే. పౌర భాగస్వామ్యంపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మరోసారి అభిప్రాయం చెప్పవలసి వస్తే, సంప్రదింపుల జాబితాలో మొదట ఉండవలసినవారు ఇలాంటి జంటలు, వారి తల్లిదండ్రులు.